డెస్క్‌టాప్ గ్రాఫికల్ అనువర్తనాల రచన: కృష్ణా డెల్టా విద్యార్థులకు అధ్యయన వనరులు - ఎంపిక, వినియోగం

వ్యాససంగ్రహం:
కంప్యూటర్ తెరపై విండోలు, బటన్లు, మెనూలతో పనిచేసే అనువర్తనాలను స్వయంగా రూపొందించడం నేర్చుకోవడానికి ఇంగ్లీషులో వనరులు విస్తారంగా ఉన్నాయి. తెలుగులో ప్రోగ్రామింగ్ భాషల పరిచయం వరకు పాఠాలు దొరుకుతాయి. గ్రాఫికల్ అనువర్తన నిర్మాణ దశకు వచ్చేసరికి అవి పలచబడతాయి. తెలుగు విద్యార్థికి వనరుల సంఖ్య కంటే వాటిని ఎంచుకునే ప్రమాణమే ముఖ్యమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తెలుగు లిపిని సరిగా చూపే టూల్‌కిట్‌ను ముందుగా నిర్ణయించుకుని, దాని సంస్కరణకు సరిపోయే పాఠాలను తరువాత వెతకాలన్నది ఇందులోని ప్రధానాంశం. విజయవాడ, కృష్ణా డెల్టా ప్రాంతపు విద్యా, ప్రచురణ అవసరాలు ఈ చర్చకు నేపథ్యం.

కీలకపదాలు: గ్రాఫికల్ అనువర్తనం, టూల్‌కిట్, యూనికోడ్, తెలుగు లిపి, విజయవాడ, తెలుగు మాధ్యమం, ఛందస్సు.

1. ఉపోద్ఘాతం:
2021-22 విద్యాసంవత్సరంలో అఖిల భారత సాంకేతిక విద్యామండలి ప్రాంతీయ భాషల్లో ఇంజనీరింగ్ బోధనకు అనుమతించింది. ఎనిమిది రాష్ట్రాలలోని 14 కళాశాలలు ఐదు భాషల్లో బోధనకు ముందుకు వచ్చాయి. వాటిలో తెలుగు మాధ్యమాన్ని ఎంచుకున్నది విజయవాడకు సమీపాన, అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లి మండలంలో ఉన్న ఎన్‌ఆర్‌ఐ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ. అక్కడ తెలుగులో బోధించడానికి ఎంచుకున్న శాఖ కంప్యూటర్ సైన్స్. దీంతో అంతవరకు సిద్ధాంత చర్చగా ఉన్న ఒక ప్రశ్న ఆచరణలోకి వచ్చింది. తెలుగులో ఆలోచించే విద్యార్థి పూర్తిస్థాయి అనువర్తనాన్ని నిర్మించే దశకు చేరాలంటే ఏయే వనరుల మీద ఆధారపడాలి?

ఈ ప్రశ్న ఒక్క కళాశాలకే పరిమితం కాదు. డెల్టాలోని డిగ్రీ కళాశాలల్లో ఇంటర్మీడియట్ వరకు తెలుగులో చదివి కంప్యూటర్ కోర్సులలో చేరేవారు ఉన్నారు. తెలుగు శాఖలలో నిఘంటు, ఛందో, పాఠ పరిశోధనలకు చిన్న ఉపకరణాలు కావాలనుకునే పరిశోధకులు కూడా ఉన్నారు. ఈ రెండు వర్గాలకూ ఎదురయ్యే అడ్డంకి ఒకటే. పాఠాలు కుప్పలుగా దొరుకుతాయి కాని, ఏది ముందు, ఏది తరువాత, ఏది తమకు పనికిరాదు అనే వివేచన వాటిలో దొరకదు.

2. డెల్టాలో అవసరం:
విజయవాడ తెలుగు పుస్తక ప్రచురణకు చిరకాల కేంద్రం. ఏలూరు రోడ్డు పుస్తక విక్రేతలు, ముద్రణాలయాలు, 1989 నుంచి జరుగుతున్న పుస్తక మహోత్సవం ఇందుకు సాక్ష్యం. ఈ రంగంలో డీటీపీ కూర్పు ఎంతోకాలం పేజ్‌మేకర్ వంటి సాఫ్ట్‌వేర్ మీద, అను ఫాంట్ల వంటి యూనికోడేతర లిపుల మీద నడిచింది. పేజ్‌మేకర్ చివరి ప్రధాన సంస్కరణ 7.0 వెలువడింది 2001లో. యూనికోడేతర పద్ధతిలో తెలుగు అక్షరభాగాలను రోమన్ అక్షరాలకు కేటాయించిన స్థానాలలో ఉంచుతారు. కాగితంపై అచ్చు చక్కగానే వస్తుంది. కాని కంప్యూటర్ దృష్టిలో అది తెలుగు పాఠం కాదు. అందులో ఒక పదాన్ని వెతకడం, అకారాది క్రమంలో పేర్చడం, పదసూచిక తయారుచేయడం నేరుగా సాధ్యపడవు.

ఇలా కూర్చిన సిద్ధాంత గ్రంథాలను, పుస్తకాలను యూనికోడ్‌లోకి మార్చి సరిచూసే ఉపకరణం ఒక సహజమైన డెస్క్‌టాప్ అనువర్తనం. పెద్ద ఫైళ్లు కంప్యూటర్‌లోనే ఉంటాయి, మూలాన్నీ మార్పునూ పక్కపక్కన చూడాలి, అంతర్జాలం లేకపోయినా పని సాగాలి. గ్రామ గ్రంథాలయ పుస్తకసూచిక, తాళపత్ర వివరపట్టిక, పాఠాంతరాల పోలిక వంటివాటికీ ఇదే వర్తిస్తుంది. మొబైల్ యాప్‌లు, వెబ్‌సైట్లు విస్తరించిన కాలంలోనూ డెస్క్‌టాప్ అనువర్తన రచన నేర్వదగినది కావడానికి ఇది ప్రధాన కారణం.

3. గ్రాఫికల్ అనువర్తనం పనిచేసే తీరు:
వనరుల మంచిచెడ్డలు తెలియాలంటే నేర్చుకోవలసిన విషయ స్వరూపం ముందుగా తెలియాలి. ప్రథమ సంవత్సరంలో విద్యార్థి రాసే ప్రోగ్రాం పైనుంచి కిందికి వరుసగా నడిచి ముగుస్తుంది. గ్రాఫికల్ అనువర్తనం అలా కాదు. అది తెరపై విండోను నిలిపి, వాడుకరి ఏదైనా చేసేవరకు వేచి ఉంటుంది. బటన్ నొక్కడం, అక్షరం టైపు చేయడం, విండో పరిమాణం మార్చడం - వీటిలో ప్రతిదీ ఒక ఈవెంట్. ఈవెంట్లను ఒక్కొక్కటిగా అందుకుని తగిన ఫంక్షన్‌కు అప్పగించే నిరంతర చక్రాన్ని ఈవెంట్ లూప్ అంటారు.

కొత్తగా నేర్చుకునేవారు తరచు తడబడేది ఇక్కడే. బటన్‌కు ఫంక్షన్‌ను అప్పగించవలసిన చోట, ఆ ఫంక్షన్‌ను అప్పటికప్పుడే పిలిచి, వచ్చిన ఫలితాన్ని అప్పగిస్తారు. అందువల్ల విండో తెరుచుకోకముందే పని జరిగిపోతుంది, బటన్ నొక్కితే ఏమీ జరగదు. ఎక్కువసేపు పట్టే పనిని ఈవెంట్ లూప్‌లోనే నడిపితే విండో బిగుసుకుపోతుంది. విడ్జెట్లను పిక్సెళ్ల కొలతలతో అమర్చితే, అక్షరాల పరిమాణం పెరిగినప్పుడు అమరిక చెదురుతుంది. ఇంగ్లీషు అక్షరాల కంటే తెలుగు అక్షరాలు గుడితో, ఒత్తుతో కలిసి పైకీ కిందికీ ఎక్కువగా విస్తరిస్తాయి. కనుక ఈ చివరి లోపం తెలుగు ఇంటర్‌ఫేస్‌లో ముందుగా బయటపడుతుంది.

దీన్నిబట్టి ఒక పాఠాన్ని పరీక్షించడానికి మూడు ప్రశ్నలు చాలు. అది ఈవెంట్ లూప్‌ను వివరిస్తున్నదా? విడ్జెట్ల అమరికకు లేఅవుట్ పద్ధతిని వాడుతున్నదా? సమాచారాన్ని భద్రపరిచే భాగాన్నీ తెరపై చూపే భాగాన్నీ వేరుచేస్తున్నదా? ఈ మూడూ లేని పాఠం చూసి రాసుకోవడానికి పనికివస్తుంది తప్ప, సొంత అనువర్తనానికి దారి చూపదు.

4. తెలుగు లిపి - తొలి పరీక్ష:
యూనికోడ్ తొలి సంస్కరణ 1991లో వెలువడినప్పటి నుంచి తెలుగుకు అందులో స్థానం ఉంది. దశాంశ సంఖ్యలలో 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలను తెలుగుకు కేటాయించారు. అయితే యూనికోడ్ నిల్వ చేసేది అక్షరాల ఆకారాన్ని కాదు, వాటి ఘటకాలను. ‘కృష్ణా’ అనే పదం చదివేవారికి రెండక్షరాలు. కంప్యూటర్ నిల్వలో అది క, ఋత్వం, ష, పొల్లు, ణ, దీర్ఘం అనే ఆరు సంకేతాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క సంకేతానికి మూడు బైట్ల చొప్పున 18 బైట్లు. పైథాన్‌లో ఈ పదం పొడవు అడిగితే వచ్చే జవాబు 6.

ఈ ఆరు సంకేతాలను ‘కృ’, ‘ష్ణా’ అనే రెండు ఆకారాలుగా తెరపై నిలపడానికి ఆకృతి సంయోజన యంత్రం కావాలి. ప్రసిద్ధ టూల్‌కిట్లు భిన్నంగా ప్రవర్తించేది ఈ విషయంలోనే.

జీటీకే: జింప్ చిత్ర సంపాదకం కోసం 1990ల ద్వితీయార్ధంలో పుట్టిన ఈ టూల్‌కిట్ పాఠాన్ని చూపడానికి పాంగో గ్రంథాలయాన్ని, దాని ద్వారా హార్ఫ్‌బజ్ యంత్రాన్ని వాడుతుంది. తెలుగు సరిగా కనిపిస్తుంది.

క్యూటీ: నార్వేలో పుట్టి 1995లో వెలువడిన క్యూటీ కూడా హార్ఫ్‌బజ్‌నే వాడుతుంది. పైథాన్ నుంచి దీన్ని పైసైడ్, పైక్యూటీ అనే రెండు మార్గాలలో ఉపయోగించవచ్చు. పైసైడ్‌ను ఎల్‌జీపీఎల్ కింద కూడా వాడుకోవచ్చు. పైక్యూటీ జీపీఎల్ లేదా వాణిజ్య లైసెన్సు కింద లభిస్తుంది. అనువర్తనాన్ని ఇతరులకు పంచదలచినవారు ఈ భేదాన్ని ముందే గమనించాలి.

జావా ఎఫ్ఎక్స్: విండోస్‌లో డైరెక్ట్‌రైట్‌ను, లినక్స్‌లో పాంగోను ఆశ్రయిస్తుంది. తెలుగుకు అనుకూలం. జేఎన్‌టీయూ కాకినాడ ఆర్-23 జావా పాఠ్యప్రణాళికలో దీనికి చోటు ఉండడం ఈ ప్రాంతపు విద్యార్థులకు కలిసివచ్చే అంశం.

టికింటర్: పైథాన్‌తోపాటే వస్తుంది, నేర్వడం తేలిక. అందుకే ప్రారంభ పాఠాలలో ఎక్కువగా కనిపిస్తుంది. దీని అడుగున ఉన్న టీకే, విండోస్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ సాయంతో తెలుగును సరిగా చూపుతుంది. లినక్స్‌లో టీకే 8.6కు సంయోజన సామర్థ్యం లేదు. అక్కడ ఒత్తులు విడిపోయి, పొల్లు పక్కనే నిలుస్తుంది. విండోస్‌లో నేర్చుకున్న విద్యార్థి కళాశాల లినక్స్ ప్రయోగశాలలో అదే ప్రోగ్రామును నడిపి తన రాతలోనే తప్పుందని భ్రమపడే ప్రమాదం ఉంది.

కాబట్టి ఏ టూల్‌కిట్ పాఠం మొదలుపెట్టినా తొలి అభ్యాసంలోనే ‘హలో’ బదులు ‘కృష్ణా’, ‘స్త్రీ’, ‘ఉజ్జ్వలం’ వంటి పదాలను తెరపై చూపి పరీక్షించడం మేలు. ఫాంట్ల విషయంలో ఇబ్బంది తక్కువ. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి వచ్చింది. తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు యూనికోడ్ తెలుగుకు తొలినాళ్ల ఆధారాలు. కృష్ణా జిల్లాకు చెందిన మండలి వెంకట కృష్ణారావు పేరిట వచ్చిన ‘మండలి’ ఫాంట్ స్వేచ్ఛా లైసెన్సుతో లభిస్తుంది. అందువల్ల దాన్ని అనువర్తనంతో కలిపి పంచవచ్చు.

5. వనరుల వర్గీకరణ:
5.1 తెలుగులో లభించేవి: ఐఐటీ బొంబాయి స్పోకెన్ ట్యుటోరియల్ పథకం సుమారు పది నిమిషాల నిడివి గల పాఠాలను భారతీయ భాషల్లో, తెలుగుతో సహా, అందిస్తున్నది. తెరలో ఒక సగంలో పాఠం చూస్తూ రెండో సగంలో అదే పని చేసి చూడడం వీటి పద్ధతి. ఎన్‌పీటీఈఎల్ కొన్ని కోర్సుల పాఠాలకు తెలుగు అనువాదాలను ఇస్తున్నది. సాంకేతిక విద్యామండలి ఈ-కుంభ్ వేదికలో ఇంజనీరింగ్ పాఠ్యపుస్తకాల అనువాదాలు ఉన్నాయి. ఇవన్నీ పునాదికి ఉపయోగపడేవి. చలరాశి, షరతు, ఫంక్షన్, తరగతి అనే భావనలు మాతృభాషలో స్థిరపడితే తరువాతి ఇంగ్లీషు వనరులు బరువుగా తోచవు.

5.2 కంప్యూటర్‌లోనే ఉన్నవి: చాలామంది గమనించని వర్గం ఇది. క్యూటీ క్రియేటర్‌ను స్థాపిస్తే నడిపి చూడదగిన ఉదాహరణలు, క్యూటీ అసిస్టెంట్‌లో సంపూర్ణ వివరణలు లభిస్తాయి. డెబియన్, ఉబుంటులలో జీటీకే ఉదాహరణల ప్యాకేజీ స్థాపిస్తే ఒక ప్రదర్శన అనువర్తనం వస్తుంది. అందులో ప్రతి విడ్జెట్ పనితీరూ, దాన్ని నిర్మించిన మూల సంకేతమూ కనిపిస్తాయి. డెవ్‌హెల్ప్ ద్వారా జీటీకే వివరణలను అంతర్జాలం లేకుండానే చదవవచ్చు. పైథాన్‌తో వచ్చే ఐడిల్ సంపాదకం పూర్తిగా టికింటర్‌లో రాసినదే. దాని మూలం కూడా అదే కంప్యూటర్‌లో ఉంటుంది. ఒక నిజమైన అనువర్తనంలో మెనూలను ఎలా కూర్చారో తెలుసుకోవడానికి అంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

5.3 ఇంగ్లీషు ఆధార గ్రంథాలు: టూల్‌కిట్ నిర్మాతలు ప్రచురించే అధికారిక వివరణలే అన్నిటికంటే నమ్మదగినవి. అవి రెండు రకాలు. పాఠరూపంలో ఉన్నవి క్రమంగా చదవడానికి, సూచిరూపంలో ఉన్నవి అవసరమైనప్పుడు వెతకడానికి. సూచిని మొదటిపుట నుంచి చదవబూనడం నిఘంటువును కావ్యంలా చదవడం వంటిది.

5.4 పరిభాష: తెలుగు ఇంటర్‌ఫేస్ నిర్మించేవారికి పదాలు కావాలి. గ్నోమ్, కేడీఈ, లిబ్రెఆఫీస్, ఫైర్‌ఫాక్స్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లను స్వచ్ఛంద కార్యకర్తలు తెలుగులోకి అనువదించారు. ఆ అనువాద ఫైళ్లలో ఇంగ్లీషు పదం, దాని తెలుగు రూపం జంటగా ఉంటాయి. తరచు వాడే అనువాద పదాలను ప్రామాణీకరించడానికి ఫ్యూయల్ ప్రాజెక్టు 2008లో మొదలైంది. ఈ ఫైళ్లు పరిభాషా పరిశోధకులకు విలువైన సామగ్రి. ఒకే భావనకు ‘ఫైలు’, ‘దస్త్రం’ అనే భిన్నరూపాలు ఎక్కడ, ఎందుకు నిలిచాయో పోల్చి చూడవచ్చు. స్వేచ్ఛ సంస్థ తెలుగు డెస్క్‌టాప్ కృషి ఈ కోవలో స్మరణీయం.

6. సంస్కరణల సమస్య:
వెతికిన పాఠం మంచిదే అయినా పనిచేయకపోవడానికి ముఖ్య కారణం సంస్కరణ భేదం. 2020 జనవరి 1తో పైథాన్ 2కు మద్దతు ముగిసింది. అప్పటి టికింటర్ పాఠాలలో మాడ్యూల్ పేరు పెద్ద అక్షరంతో మొదలవుతుంది, పైథాన్ 3లో చిన్న అక్షరంతో. 2018లో వచ్చిన జేడీకే 11 నుంచి జావా ఎఫ్ఎక్స్ విడిగా స్థాపించుకోవలసిన గ్రంథాలయమైంది. 2020 డిసెంబరులో జీటీకే 4, క్యూటీ 6 రెండూ వెలువడ్డాయి. జీటీకే 3లో విడ్జెట్లను చేర్చడానికి వాడిన కంటైనర్ తరగతి జీటీకే 4లో లేదు.

అందువల్ల పాఠం తెరవగానే చూడవలసినవి మూడు: అది ఏ సంస్కరణకు రాసినది, ఎప్పుడు రాసినది, దాని మొదటి ఉదాహరణ తన కంప్యూటర్‌లో మార్పు లేకుండా నడుస్తున్నదా. మొదటి ఉదాహరణే నడవనప్పుడు పాఠంతో పెనుగులాడడం కంటే మరొకటి చూసుకోవడం మంచిది.

7. అంతర్జాలం అందనిచోట:
పుస్తకాన్ని పాఠకుడి వద్దకు చేర్చడం కృష్ణా తీరానికి కొత్త కాదు. 1914లో బెజవాడ రామమోహన గ్రంథాలయం వేదికగా అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతుల కృషితో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు సమావేశమయ్యారు. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువలపై పడవ గ్రంథాలయాన్ని నడిపారు. ఆ దృష్టి నేటి కళాశాల ప్రయోగశాలకూ అవసరం.

మచిలీపట్నం, అవనిగడ్డ, కైకలూరు వంటి చోట్ల విద్యార్థికి చరవాణిలో అంతర్జాలం ఉన్నా, ప్రయోగశాలలోని ప్రతి కంప్యూటర్‌కూ నిలకడైన అనుసంధానం ఉంటుందని చెప్పలేం. అధ్యాపకుడు ఒక్కసారి శ్రమించి కళాశాల సర్వరులో డెబియన్ ప్యాకేజీల నకలు, టూల్‌కిట్ల వివరణలు, స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు, స్వేచ్ఛా తెలుగు ఫాంట్లు ఉంచితే స్థానిక నెట్‌వర్కులో అందరికీ అందుతాయి. జీల్ వంటి ఉపకరణం వివిధ టూల్‌కిట్ల వివరణలను ఒకేచోట వెతకనిస్తుంది. ఇందులో మరో ప్రయోజనం కూడా ఉంది. అందరూ ఒకే సంస్కరణను, దానికి సరిపోయే వివరణనే చదువుతారు గనుక పైన చెప్పిన సంస్కరణ సమస్య చాలావరకు తీరుతుంది.

8. అభ్యాసానికి ఒక నమూనా - గణవిభజన:
వనరులు సమకూరిన తరువాత వాటిని అర్థవంతంగా వాడుకోవడానికి ఒక లక్ష్యం కావాలి. తెలుగు, కంప్యూటర్ శాఖలు కలిసి చేపట్టదగిన అభ్యాసం పద్యపాదానికి గురులఘువులు గుర్తించే అనువర్తనం. దీన్ని దశలుగా నిర్మించవచ్చు.

మొదటి దశలో పద్యం టైపు చేసే పెట్టె, ఒక బటన్, ఫలితం చూపే పెట్టె. ఈవెంట్ భావన ఇక్కడ స్థిరపడుతుంది. రెండవ దశలో పాఠాన్ని అక్షరాలుగా విడగొట్టడం. క్యూటీలో అక్షర సరిహద్దులను గుర్తించే సదుపాయం ఉంది. అయితే సంయుక్తాక్షరాన్ని ఒకే అక్షర సమూహంగా గుర్తించే నియమం తెలుగుకు యూనికోడ్ 15.1తో, అంటే 2023లో వచ్చింది. పాత సంస్కరణలపై ఆధారపడిన గ్రంథాలయాలు ‘కృష్ణా’ను ‘కృ’, ‘ష్’, ‘ణా’ అని మూడుగా విడదీస్తాయి. మూడవ దశలో ఛందోనియమం. సంయుక్తాక్షరానికి ముందున్న ‘కృ’ గురువు, దీర్ఘమైన ‘ష్ణా’ గురువు. ‘రామున్’ వంటి పదంలో చివరి పొల్లును ముందున్న అక్షరంతో కలిపి లెక్కించాలి. ఈ పని యూనికోడ్ నియమాలు చేయవు, ప్రోగ్రామే చేయాలి. నాల్గవ దశలో ఫైలు తెరవడం, భద్రపరచడం, ముద్రించడం.

ఈ అభ్యాసంలో తెలుగు విద్యార్థి నియమాన్ని స్పష్టంగా చెప్పాలి, కంప్యూటర్ విద్యార్థి దాన్ని సంకేతంగా మార్చాలి. నియమంలోని అస్పష్టత ఏదైనా ఉంటే తెరపై తప్పుగా బయటపడుతుంది. ఛందశ్శాస్త్ర బోధనకూ ఇది మేలు చేసే అంశం.

9. ముగింపు:
ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:
1. గ్రాఫికల్ అనువర్తన రచనకు వనరుల కొరత కంటే ఎంపిక ప్రమాణాల కొరత పెద్దది.
2. తెలుగు అభ్యాసకుడికి టూల్‌కిట్ ఎంపికే తొలి నిర్ణయం. తెలుగు లిపిని అన్ని వేదికలపై సరిగా చూపే క్యూటీ, జీటీకే, జావా ఎఫ్ఎక్స్ ఇందుకు తగినవి. టికింటర్ ప్రవేశానికి మంచిదే కాని, లినక్స్‌లో తెలుగు పనికి దాని పరిమితి తెలిసి ఉండాలి.
3. భావనలకు తెలుగు పాఠాలు, అభ్యాసానికి కంప్యూటర్‌లోనే లభించే ఉదాహరణలు, సందేహనివృత్తికి అధికారిక వివరణలు - ఈ క్రమం ప్రయోజనకరం.
4. అనువాద ఫైళ్లు తెలుగు సాంకేతిక పరిభాషకు సిద్ధంగా ఉన్న పరిశోధన సామగ్రి.
5. కళాశాల స్థాయిలో స్థానిక వనరుల నిల్వ ఏర్పాటు చేస్తే అంతర్జాల లోపం, సంస్కరణ భేదం రెండింటికీ పరిష్కారం దొరుకుతుంది.

తెలుగు మాధ్యమంలో కంప్యూటర్ విద్య ప్రారంభమైంది డెల్టా పక్కనే. ఆ విద్య ప్రథమ సంవత్సర పాఠ్యపుస్తకం దగ్గర ఆగిపోకుండా అనువర్తన నిర్మాణం వరకు సాగాలంటే, టూల్‌కిట్లకు సంబంధించిన పాఠాలు తెలుగులో రావాలి. ప్రచురణ, గ్రంథాలయ, ఛందో రంగాల అవసరాలే వాటికి ఉదాహరణలు కావాలి. ఆ పాఠాలను రాయగలవారు కంప్యూటర్ శాఖలలోనూ తెలుగు శాఖలలోనూ ఉన్నారు. వారు కలిసి పనిచేయడానికి గణవిభజన వంటి చిన్న ప్రయత్నం తగిన ప్రారంభం.